అరచేతిలో సాక

నేను కల్లు తాగేదాన్ని. ఈ మాట మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను. చదివేవాళ్లు సగం దాకా వచ్చాక "అయ్యో, టీచరమ్మ కూడానా!" అని నోరు తెరవడం నాకు నచ్చదు. ఆ తెరిచేదేదో ఇప్పుడే తెరిచి, మూసుకుని, ఆ తర్వాత చదవండి.

నారాయణఖేడ్‌లో ఇరవై తొమ్మిదేళ్లు ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. తేదీలు రాసిపెట్టుకోవడం మొదటినుంచీ అలవాటు. తాగిన రోజుల్లో కూడా డైరీ రాశాను. ఆ పేజీల్లో అక్షరాలు సిరాలో పడిన చీమలు పాకినట్టు ఉంటాయి. ఇప్పుడు 1999. నాకు అరవై ఏడేళ్లు. పోయిన నెల కంగ్టి నుంచి ఒక ఆడమనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అమ్మా, గా తాగుడు మానే మీటింగుల ఏం జేస్తరు? సూదులిస్తరా?" అని అడిగింది. ఇవ్వరని చెప్పాను. "మరి గోళీలు?" అవీ ఇవ్వరన్నాను. "ఇగ ఎందుకు పోవుడు?" అంది. అది ఒక్క మాటలో అయ్యే జవాబు కాదు. ఇది ఆమె కోసం రాస్తున్నాను. కొంత నా కోసం కూడా.

మా ఆయన 1981 మార్చి 14న పోయారు. మూడోనాడు పిట్టకు పెట్టి వచ్చాక చుట్టాలందరూ కల్లు కుండ చుట్టూ కూర్చున్నారు. మా దిక్కు చావుకు కల్లు ఉంటుంది, పురుడుకు ఉంటుంది, పండుగకు ఉంటుంది. దాన్ని తాగుడని ఎవరూ అనరు. ఆ రోజు ఒక గ్లాసు తాగి పడుకున్నాను. మూడు రోజుల తర్వాత వచ్చిన మొదటి నిద్ర అది. తప్పు ఆ గ్లాసు దగ్గర జరగలేదు. ఆ నిద్ర బాగుందని గుర్తు పెట్టుకున్నాను చూడండి, అక్కడ జరిగింది.

మా ఇంట్లో గిన్నెలు తోమే సాయవ్వ నా వయసుదే. "ఒంట్ల వేడి దిగుతది టీచరమ్మ, గింత తాగు, నిద్ర వడ్తది" అంటూ తెచ్చిపెట్టేది. టీచరు పోయి కల్లు దుకాణం ముందు నిలబడలేదు కదా. పాలడబ్బాలో తెమ్మని ఉపాయం చెప్పింది నేనే. మూత గట్టిగా పట్టే ఒకటిన్నర లీటరు స్టీలు డబ్బా. మొదట్లో ఆదివారాలు మాత్రమే. 1984 నాటికి రోజూ సాయంత్రం. 1988 నుంచి బడికి పోయే ముందు ఒక డబ్బా, వచ్చాక ఒక డబ్బా. రోజుకు మూడు లీటర్లు.

దాన్ని కల్లని కూడా అనలేను. ఉన్న చెట్లెన్ని, తాగే నోళ్లెన్ని? ఆ లెక్క మూడో తరగతి పిల్ల కూడా వేస్తుంది. తక్కువ పడినదంతా నీళ్లు, ఏదో తెల్లపొడి, నలగ్గొట్టిన నిద్రమాత్రలు. మందు కల్లు అని అందరూ బాహాటంగానే అనేవాళ్లు, అని తాగేవాళ్లు. డబ్బా అడుగున సున్నంలాంటి మడ్డి మిగిలేది. అందులో ఈగలుండేవి. ఈగను వేలితో తీసి పారేసి, మడ్డిని నీళ్లతో తొలిచి అదీ తాగేదాన్ని. పిల్లల నోటుబుక్కులో సిరా మరక పడితే పేజీ మొత్తం తిరగ రాయించిన మనిషిని నేను!

1989 జులై 11, మంగళవారం. ఏడో తరగతి బోర్డు మీద పదహారును ఏడుతో గుణించి నూట ఇరవై రెండు అని రాశాను. మొదటి బెంచీలో పిల్ల లేచి, "టీచర్, నూట పన్నెండు" అంది. దగ్గరికి పోయి చెంప మీద కొట్టాను. ఆ పిల్ల చెంప పట్టుకోలేదు. ముక్కు మూసుకుంది.

సాయంత్రం నా కోడలు అనసూయ నా గది తలుపు దగ్గర నిలబడింది. పెళ్లయి వచ్చి ఆరేళ్లు, ఒక్కనాడు నా ముందు గొంతు పెంచని మనిషి.

"అత్తమ్మా, పాలడబ్బల ఏమొస్తుందో నాకు ఈ ఇంటికొచ్చిన పదో దినమే ఎర్క. నీ కొడుకు అడగొద్దన్నడు, అడగలే. ఇయ్యాల గా పోరి తల్లి బోరింగు కాడ నన్ను వట్టుకున్నది. ఏమని చెప్పాలె?"

"జ్వరమని చెప్పు."

"ఆరేండ్ల సంది జ్వరమా?"

నా కొడుకు రమేశ్ వసారాలోనే ఉన్నాడు. విన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. వాడికి తెలిసిన వైద్యం అదే, చెప్పులు వేసుకోవడం.

సెప్టెంబర్ 2న ఎవరో అధికారులు వచ్చి కల్లు దుకాణానికి తాళం వేశారు. సాయవ్వ ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. నాలుగు రోజులు ఓపిక పడితే మళ్లీ తెరుస్తారట. మొదటి రోజు చేతులు వణికాయి. రెండో రోజు గోడ మీద చీమలు కనిపించాయి. అనసూయను పిలిచి తుడవమన్నాను. ఆమె గోడనూ నన్నూ చూసి, ఏమీ లేని గోడను తడిగుడ్డతో తుడిచింది. ఆ తుడవడం నేను మరిచిపోను. సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవం. పాత టీచర్లకు సన్మానమని నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. చేమంతి దండ వేశారు. చప్పట్ల మధ్యలో కుర్చీ మీంచి పడిపోయాను. నోట్లోంచి నురగ వచ్చిందట, నాలుక కొరుక్కున్నానట, దండంతా నెత్తురూ నురగా అయిందట. మూడు వందల మంది పిల్లలు చూశారు. ఇవన్నీ తర్వాత అనసూయను అడిగి చెప్పించుకున్నాను. ఒక్కటీ దాచొద్దన్నాను. దాచలేదు.

ఇక్కడ ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా, డాక్టరు లేకుండా, మొండితనంతో ఆపకండి. చచ్చిపోతారు. నేను ఆ అంచు దాకా పోయి వచ్చాను.

జీపులో వేసుకుని సంగారెడ్డిలో ఒక డాక్టరు నడిపే చిన్న దవాఖానకు తీసుకుపోయారు. ఆ ముందుగదిలో పొడుగు బెంచీ మీద సగం రోజు కూర్చున్నాను. నా పక్కన ఒక మగమనిషి తన తువ్వాల్లోనే కక్కుకుని, దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఛీ, తాగుబోతు వెధవ, అనుకుని జరిగి కూర్చున్నాను. ఆయా వచ్చి మా ఇద్దరి చీటీలూ తీసుకుంది. "ఇద్దరిది ఒకటే కేసా? అయితే ఒకటే గదిల పండుకోబెట్టొద్దు" అని నవ్వింది. నేను మళ్లీ అతని దగ్గరికి జరగలేదు. కానీ ఇంకా దూరం జరగడానికీ ఇక ముఖం లేకపోయింది.

పదకొండు రోజులున్నాను. నవ్విన ఆ ఆయానే రోజూ పొద్దున నా జుట్టు చిక్కు తీసి జడ వేసేది. అడగకుండానే వేసేది. అనసూయ నేల మీద పడుకుంది. కొడుకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ బత్తాయిలు తెచ్చి, రెండుసార్లూ కిటికీ వైపు చూస్తూ కూర్చుని పోయాడు. దుకాణం మూతపడి తాగని రోజుల్ని లెక్కలో వేసుకోలేదు; నా లెక్కలో మొదటి రోజు 1989 సెప్టెంబర్ 6, బుధవారం. డైరీలో 'ఒకటి' అని రాశాను.

పంపించేటప్పుడు డాక్టరు ఒక చీటీ ఇచ్చాడు. "వణుకు నేను తగ్గించిన. తాగుడు తగ్గించుడు నాతోని కాదు. ఇంకోసారి మొదలువెట్టి ఇంకోసారి పడితే లేవవు అమ్మా. ఇగో, తాగుడు మానినోళ్లు కూసొని మాట్లాడుకునే జాగ. మీకు దగ్గరంటే బీదరే. ఆదివారం పదకొండు గంటలకు."

మాట్లాడితే పోయే రోగమా ఇది, అనుకున్నాను. చీటీ మడిచి డైరీలో పెట్టాను.

సెప్టెంబర్ 24, ఆదివారం, పందొమ్మిదో రోజు. బీదర్‌లో దిగాను. చీటీలో ఉన్న గది తాళం వేసి ఉంది. ఎక్కడికో మార్చారని తలుపు మీద కన్నడంలో కాగితం అంటించారు. నాకు కన్నడం చదవడం రాదు. పాన్ డబ్బా అతన్ని అడిగాను. ఏమని అడగాలి? తెలుగులో అడిగితే అర్థం కాలేదు. నాకొచ్చిన ఉర్దూ ముక్కలు కూడగట్టుకుని, తాగేవాళ్ల మీటింగ్ ఎక్కడ అని అడిగాను. అతను నా నెరిసిన తలనూ, ఇస్త్రీ చీరనూ చూసి, ఎంతో మర్యాదగా ఎదురుగా ఉన్న సారాయి దుకాణం చూపించాడు. "వహాఁ రోజ్ హోతా హై అమ్మా" అన్నాడు. అక్కడ రోజూ అవుతుందట! కాదు, మానినవాళ్లది అన్నాను. అతను పాన్ చుట్టడం ఆపేసి పెద్దగా నవ్వాడు. అలాంటివాళ్లు బీదర్‌లో ఉన్నారని అతనికి తెలియదు. చివరికి ఆ కాగితం చదివి పెట్టింది కూడా అతనే. తన డబ్బాను పక్కవాడికి అప్పజెప్పి గల్లీ చివరి దాకా వచ్చి చూపించాడు.

గది చూస్తే వెంటనే తిరిగి పోవాలనిపించింది. తొమ్మిది మంది మగవాళ్లు. టీ గ్లాసు ఇచ్చారు, దాని అంచున ఇంకెవరివో పెదవుల మరకలు. ఒకాయన రాత్రికి ఎన్ని సీసాలు తాగేవాడో, పెళ్లిలో పెట్టిన వంటకాలు చెప్పినట్టు చెప్పుకున్నాడు. మానినందుకు ఏడుస్తున్నాడా, తాగినన్ని తాగినందుకు గర్వపడుతున్నాడా, నాకు తేలలేదు. ఇంకొకాయన ఏడ్చి, ముక్కు చీది, అదే చేత్తో నాకు దండం పెట్టి నా చేయి పట్టుకున్నాడు. ఇంటికి పోయి చేయి సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను.

కుర్చీలో ఉన్న పెద్దాయన బసప్ప. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. "బన్ని అమ్మా, కూత్కొళ్ళి" అని కూర్చోమన్నాడు. నా ఊరు అడగలేదు, మొగుడు ఏం చేసేవాడని అడగలేదు, ఆడమనిషివై ఎట్లా తాగావనీ అడగలేదు. "ఎష్టు దిన ఆయ్తు?" అని ఒక్కటే అడిగాడు. ఎన్ని రోజులైంది? అది నాకు అర్థమైంది.

"పందొమ్మిది" అన్నాను.

అందరూ తలలూపారు. ఆ గదిలో నాకు రోత పుట్టించనిది ఆ ప్రశ్న ఒక్కటే. దానికి జవాబు ఒక అంకె. అంకెతో బుకాయించలేం. మళ్లీ ఆదివారం పోయాను.

ఫిబ్రవరి 4 దాకా ఇరవై ఆదివారాలు. మూడింటికి బస్సు దొరక్కో, జ్వరం వచ్చో పోలేదు. పదిహేడుసార్లు పోయాను. పోను రాను ఐదు గంటలు, మొత్తం ఎనభై ఐదు గంటలు బస్సులో. ప్రతిసారీ అనసూయ పెరుగన్నం, నిమ్మకాయ తొక్కు కట్టి ఇచ్చింది. ప్రతిసారీ వచ్చాక, చేతిలోంచి టిఫిను గిన్నె తీసుకునే వంకతో దగ్గరికి వచ్చి వాసన చూసింది. నేను గమనించనట్టు ఊరుకున్నాను. చూడడం ఆమె హక్కు.

పదిహేడోసారి బసప్ప వచ్చీ రాని తెలుగులో అన్నాడు. "అమ్మా, మీ ఊర్లోనే ఒకటి పెట్టండి. ఇద్దరు ఉంటే చాలు."

"రెండో మనిషి ఎవరు?"

"మీకు ఎవరు తెచ్చి ఇస్తా ఉండె?"

ఆ ప్రశ్నకు బస్సులో దారంతా కోపం వచ్చింది. ఇంటికొచ్చేసరికి తగ్గింది. సాయవ్వ కూడా తాగేది. నాకు తెచ్చేముందు తన వాటా తాగి తెచ్చేది.

ఇంట్లో మా ఆయన చదువుకునే ముందుగది ఉంది. అక్కడ పెడతానన్నాను. రమేశ్ అన్నం ముందు నుంచి లేవబోయాడు. "ఊర్ల తాగుబోతులందరు మనింటికొస్తరా? జనం ఏమనుకుంటరు?" అన్నాడు. అనసూయ అతని కంచంలో చారు పోస్తూ, "జనం అనుకునేటియి అన్ని సెప్టెంబర్ల అనుకున్నరు. ఇంకేం మిగల్లేవు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అయితె ముందల దర్వాజ నుంచి వద్దత్తమ్మా. ఎనుక నుంచి రమ్మను. గ్లాసులు నేను మసలబెట్టి ఇస్త."

1990 ఫిబ్రవరి 5, సోమవారం సాయంత్రం ఐదింటికి మొదటి మీటింగు. నాది నూట యాభై మూడో రోజు. సాయవ్వ అలవాటు కొద్దీ ఖాళీ పాలడబ్బా చేత్తో పట్టుకునే వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మీటింగు అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకుంది.

తర్వాత బస్టాండులో మూటలు మోసే మొగులయ్య వచ్చాడు. "ప్రతి ఐతారం బీదర్ బస్సెక్కుతవ్, సంచి ఉండదు, సామాను ఉండదు, ఏంది కథ?" అని నన్ను అడిగి, విని, వారం ఆగి వచ్చాడు. జులైలో సైకిళ్లు బాగుచేసే ఖాజామియా వచ్చాడు. ఇంకా కొందరు వచ్చారు, పోయారు. నిలిచింది ఈ ముగ్గురే.

నేను టీచర్ని కాబట్టి మీటింగును క్లాసులాగే నడిపాను. గోడకు నల్లబోర్డు కట్టాను. పేర్లు ఎడమవైపు, రోజులు కుడివైపు. ఎవరికి ఎక్కువ రోజులుంటే వాళ్లు కుర్చీలో కూర్చుని మీటింగు నడపాలి. మిగతావాళ్లు చాప మీద. ఆ కుర్చీలో ఎప్పుడూ నేనే. ఎవరైనా మధ్యలో తాగితే, వాళ్ల అంకెను వాళ్ల చేత్తోనే అందరి ముందూ తుడిచి, 'ఒకటి' రాయాలి. చుక్క తాగినా అంతే, కుండ తాగినా అంతే. ఇది నేను పెట్టిన నియమం. మొగులయ్య ఆరుసార్లు తుడిచాడు.

"మూడేండ్ల పిల్లగానికి కూడ ఒకటి తర్వాత రెండొస్తది. నీకెందుకు రాదు?" అన్నాను ఆరోసారి.

"నాకు ఒకటి మంచిగొస్తది టీచరమ్మ" అన్నాడు మొగులయ్య. చాప మీద వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే వాళ్లను చూస్తే నాకు రోత పుట్టేది. పుల్లని చెమట, బీడీ, కళ్లలో పుసులు, తప్పుచేసిన కుక్కల్లా చూపులు. వాళ్లు పడిన ప్రతిసారీ నాలో ఏదో ఒక మూల, నేను పడలేదు కదా అనే తృప్తి ఉండేది. ఈ తృప్తి సంగతి డైరీలో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడు దసరాకు ఎవరూ పడలేదు. దీపావళికీ పడలేదు. మొగులయ్య లెక్క ముప్పయి దాటింది. అతనికి భయం పట్టుకుంది.

"టీచరమ్మ, బోర్డు మీద రాసింది తుడిస్తే పోతది. బోరంచకు పోయి నల్లపోచమ్మ ముంగట ఒట్టు వెడదాం. అమ్మ ముంగట వెట్టిన ఒట్టు ఎవ్వడు తుడ్వలేడు."

సాయవ్వ చేతులు జోడించింది. నాకూ సబబుగానే తోచింది. ప్రతి సోమవారం వాళ్లను కాపలా కాసి అలిసిపోయాను. ఆ కాపలా ఏదో అమ్మవారే కాస్తుందనుకున్నాను.

"టెంకాయ, పసుపు, కుంకుమ, యాపమండలు" అని నేను లెక్క చెప్పాను.

"సాక?" అన్నాడు మొగులయ్య.

తెలియనివాళ్లకు చెప్తాను. పోచమ్మ ముందు కల్లు ధారగా నేల మీద పోయడాన్ని సాక పోయడమంటారు. అది లేకుండా మొక్కు మొక్కినట్టు కాదు.

"సాక లేకుంట ఉత్త చేతులతోని పోతమా? అమ్మ ఏమనుకుంటది?"

"భూమ్మీద పొయ్యి. నోట్ల పోసుకోకు."

"నోట్లెందుకు పోసుకుంట టీచరమ్మ? ఒట్టు వెట్టనీకే పోతున్నం గద!"

ఎవరూ నవ్వలేదు. తాగుడు మానేస్తామని కల్లు పోసి ఒట్టు పెట్టడంలో ఉన్న తిక్క మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. అది మా దిక్కు మనుషులే చేయగల తప్పు. బసప్ప వింటే కుర్చీలోంచి పడేవాడు. ఖాజామియా మాత్రం, "నేను గాడికొచ్చి ఏం జేస్త? దుకాన్ల రెండు సైకిళ్లున్నయి. మీరు పోయిరాండ్రి. పైలం" అన్నాడు.

అక్టోబర్ 21, ఆదివారం. నాది నాలుగు వందల పదకొండో రోజు. సాయవ్వది యాభై ఎనిమిది, మొగులయ్యది ముప్పై మూడు. బయల్దేరే ముందు బోర్డు మీద ఆ అంకెలు రాసే పోయాం. దర్శనం చేసుకుని, గుడికి దూరంగా ఒక వేపచెట్టు కింద కూర్చున్నాం. మొగులయ్య సంచిలోంచి ముంత తీశాడు. మూత విప్పగానే ఆ పులుపు వాసన నా ముక్కుకు కాదు, దవడలకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. ఛీ అనుకున్నాను. అనుకున్నా ఊరుతూనే ఉన్నాయి.

మూడుసార్లు ధార పోశాడు. ముగ్గురం ఒట్టు చెప్పాం. ముంతలో సగానికి పైగా మిగిలింది.

"పారబొయ్యి" అన్నాను.

"అమ్మ పేరు మీద పోసినంక మిగిలింది తీర్థం. తీర్థం పారబోస్తరా? ఏమన్న ఉన్నదా నీకు టీచరమ్మ?" అన్నాడు. అని, మొదట నా వైపే ముంత వంచాడు. నా కుడిచేయి దానంతటది ముందుకు పోయింది. తీర్థమంటే చేయి చాచడం నాకు పుట్టినప్పటి నుంచి అలవాటు. అరచేయి నిండింది. చూశాను. తెల్లగా, నురగతో, ఒక చిన్న పురుగుతో. చెట్టు మొదట్లో పోసేశాను.

వాళ్లిద్దరూ తాగారు. చేతిలో తాగింది తీర్థం. తర్వాత ముంత ఎత్తి తాగింది ఏమిటో వాళ్లనే అడగాలి. ముంత లాక్కోబోయాను. సాయవ్వ నా చేయి పక్కకు నెట్టింది. "నువ్వు పెద్దదానివైతే నీ బడిల. ఈడ అమ్మ పెద్దది!" అంది. పక్క చెట్టు కింద విందు చేసుకుంటున్న వాళ్లు వీళ్లను పిలిచారు. వీళ్లు పోయారు. మొగులయ్య గడ్డం మీంచి కారుతున్నది చూసి నేను బస్సు దగ్గరికి నడిచాను.

చేయి కడుక్కోవాలి. బోరింగు దగ్గర పెద్ద వరుస ఉంది. బస్సు హారను కొడుతోంది. అట్లాగే ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని కుడిచేయి బయటికి చాపి పెట్టాను, గాలికి ఆరనీ, వాసన పోనీ అని. కండక్టరు "చెయ్యి లోపల పెట్టమ్మా, ఇరుగుతది" అని రెండుసార్లు అరిచాడు. మధ్యలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగింది. అక్కడ ఒకటి జరిగింది. అది మరుసటి రోజు ఎక్కడ చెప్పానో అక్కడే రాస్తాను.

ఇంటికి రాగానే అనసూయ టిఫిను గిన్నె కోసం దగ్గరికి వచ్చింది. ఆగింది. ముఖం పాలిపోయింది. నా చేయి ఎత్తి చూపించాను. "చేతి మీద పోశారు" అన్నాను. ఆమె నీళ్లు తెచ్చి తనే నా చేయి కడిగింది.

సోమవారం ఐదింటికి ముందే బోర్డు దగ్గర నిలబడ్డాను. వాళ్లు వస్తారని నమ్మకం లేదు. వస్తే ఏమనాలో మాత్రం రాత్రంతా కూర్చుకున్నాను. చెప్పులతో కొట్టినట్టు ఉండే మాటలు. ముందు ఖాజామియా వచ్చి తన పేరు ఎదురుగా తొంభై ఆరు రాసుకుని చాప మీద కూర్చున్నాడు. తర్వాత వెనక తలుపు దగ్గర చప్పుడైంది. సాయవ్వ, మొగులయ్య. తలకు నూనె దట్టించి, వాసన తెలియకుండా సోంపు నములుతూ వచ్చారు. ఇద్దరూ నా ముఖం చూడలేదు. మొగులయ్య ముప్పై మూడు తుడిచి ఒకటి రాశాడు. సాయవ్వ యాభై ఎనిమిది తుడిచింది. ఆమెకు రాయడం రాదు. ఒక గీత గీసింది. అదీ ఒకటే.

"అనమ్మా, ఏమంటవో అను" అంది సాయవ్వ నేల చూస్తూ.

నేను సుద్దముక్క తీసుకున్నాను. నా పేరు ఎదురుగా నాలుగు వందల పదకొండు ఉంది. నాలుగు వందల పన్నెండు రాయాలి. బస్సు ఆగిన చోట ఏం జరిగిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు వందల పన్నెండు రాస్తే, ఆ రోజు మొదలుకుని బోర్డు మీద ప్రతి అంకే అబద్ధమవుతుంది. పదహారును ఏడుతో గుణిస్తే నూట ఇరవై రెండు అని రాయడమే.

"బస్సు ఆగినప్పుడు చెయ్యి లోపలికి తీసుకున్న" అన్నాను. "నాకిన. నాలుక కొసతోని. ఒక్కసారి."

తలుపు వెనక గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"ఏముంటది టీచరమ్మ, గాలికి ఎండిన చెయ్యి" అన్నాడు మొగులయ్య. "ఉప్పే ఉంటది. గంత లెక్కకు రాదు."

"ఎంత నుంచి లెక్కకొస్తది? నువ్వే చెప్పు, రాసుకుంటం."

అతను చాప పుల్ల ఒకటి పీకాడు.

"మీరు చెప్పకుంటే ఎవ్వరికి తెల్వకపోవు" అన్నాడు ఖాజామియా మెల్లగా.

"నాకు తెల్వదా?"

ఉప్పు, దుమ్ము, ఆ అడుగున పులుపు. నాకు తెలుసు. ఆ పులుపు కోసం నాలుక రెండోసారి కదలబోయింది కూడా. బస్సు కదిలి చేయి జారింది కాబట్టి ఆగింది. నా నిగ్రహం వల్ల కాదు. నా మీద నాకు అంత రోత జీవితంలో ఎప్పుడూ పుట్టలేదు, నురగ కక్కిన రోజు కూడా. చాప మీద ఆ ఇద్దరినీ చూశాను. ఎనిమిది నెలలు వాళ్ల మీద చూపించిన రోత ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. బెంచీ మీద ఆ తువ్వాలు మనిషి నుంచి ఎందుకు పక్కకు జరిగానో తెలిసింది.

నాలుగు వందల పదకొండు తుడవడానికి డస్టరు కనిపించలేదు. అరచేత్తో తుడిచాను. అదే అరచేత్తో. ఒకటి రాశాను.

తర్వాత కుర్చీ దగ్గరికి పోలేదు. చాప మీద సాయవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. ఆమె దగ్గర సోంపు, దాని కింద కల్లు వాసన. జరగలేదు నేను.

"ఇదేంది?" అన్నాడు ఖాజామియా.

"ఎక్కువ రోజులు ఎవరియి?"

అతను బోర్డు చూశాడు. ఒకటి, ఒకటి, ఒకటి, తొంభై ఆరు. కంగారుగా లేచాడు. భుజం మీది నూనె గుడ్డతో కుర్చీ తుడిచాడు. శుభ్రంగా ఉన్న కుర్చీకి నూనె మరక అంటించాడు. అంచున కూర్చున్నాడు, ఎప్పుడైనా లేపుతారేమో అన్నట్టు. ఏం చేయాలో తెలియక కాసేపు చేతులు చూసుకున్నాడు. ఆ చేతులకు ఎప్పుడూ గ్రీజు ఉంటుంది.

అనసూయ టీ తెచ్చింది. మొదటిసారి లోపలికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ తలుపు దగ్గరే పెట్టి పోయేది. నా గ్లాసు నా చేతికిచ్చి, టిఫిను గిన్నె ఏదీ లేకపోయినా, ఒక క్షణం దగ్గరగా వంగింది. తర్వాత గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఖాజామియా గొంతు సవరించుకున్నాడు.

"ఇగ షురూ చేద్దామా" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, బీదర్‌లో బసప్ప అడిగినదే, ఆయన ఎవరో తెలియకుండానే, అడిగాడు.

"టీచరమ్మా, ఎన్ని రోజులైంది?"

"ఒకటి" అన్నాను.